పొట్టలో రెండో గుండె

క్యూబాలో పినార్ చుట్టుపక్కల పొగాకు ఊళ్లన్నింటిలో రెండు గుండెలున్న మగాణ్ణి నేనొక్కణ్ణే! ఒకటి అందరికీ ఉన్నచోటే ఉంది. రెండోది బొడ్డుకు కాస్త పైన. వెల్లకిలా పడుకుని దాని మీద డామినో బిళ్ల పెడితే దడదడా గెంతేది. చూడటానికి పక్క వీధివాళ్లు కుర్చీలు మోసుకొచ్చేవాళ్లు.

ఇంత వరం ఊరికే వస్తుందా? నేనెంత కష్టపడ్డాను! మీసం రాకముందే చుట్ట అంటించాను, మీసం నెరిసేదాకా ఆరనివ్వలేదు. రక్తపోటు మాత్రలు కిటికీలో పెట్టుకుని, వాటిని చూస్తూ ఉప్పు పట్టించిన పందిమాంసం వేపుడు తిన్నాను. మగవాడిగా పుట్టడం, ముసలివాణ్ణి కావడం మాత్రం ఏ శ్రమా లేకుండా జరిగిపోయాయి.

పైగా వంశ గౌరవమొకటి. మా నాన్న ఎద్దుకు నీళ్లు పెడుతూ నడుం పట్టుకుని కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. ఎండదెబ్బ అన్నారు. జనవరిలో ఎండదెబ్బ!

మా ఆవిడ నెరేయిదాకి కళాపోషణ తెలియదు.

"ఏవయ్యా, ఆ బిళ్ల తీసి చొక్కా తొడుక్కో. డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"ఎద్దులా ఉన్నాను కదే! నొప్పి లేదు, గిప్పి లేదు."

"మీ నాన్నకి మాత్రం ముందురోజు ఉందా?"

డాక్టరమ్మ ఓడాలిస్ స్కానింగ్ చేసి తల ఊపింది. "తాతా, ఇది గుండె కాదు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం. గోడ బలహీనపడి పాత సైకిల్ ట్యూబులా ఉబ్బింది. పగిలిందా, ఆసుపత్రి చేరేలోపే చాలామంది పోతారు."

ఎందుకొచ్చిందమ్మా అన్నాను. చెబుతూపోయింది. నా జీవిత చరిత్రే! చుట్టతో మొదలుపెట్టి మా నాన్న దగ్గర ఆపి, "నీకు తమ్ముళ్లున్నారా?" అంది.

ఉన్నాడు, ఎవేలియో. చుట్టల కార్ఖానాలో మొదటి బల్ల. అక్కడ ఒకాయన పత్రిక పైకి చదువుతుంటే వింటూ ఆకు చుడతాడు, వింటూనే కాలుస్తాడు. ఆపరేషనై ఇంటికొచ్చాక నా పొట్ట మీది కుట్లు చూపించి మరీ, నువ్వూ స్కానింగ్ చేయించుకోమని చెప్పాను.

"అన్నయ్యా, నీ కుట్లు నీవి, నా పొట్ట నాది. ఆట ఆడతావా, లేదా?" అన్నాడు డామినోలు కలుపుతూ.

ఎద్దు ఒక పూట మేత మానేస్తే పశువుల డాక్టరు కోసం పరుగెత్తుతాం. మన పొట్ట గెంతితే కుర్చీలు వేయిస్తాం! మావాడు నయం, మర్నాడే వెళ్లి స్కానింగ్ చేయించుకున్నాడు.

ఇందులో ఒక్కటే అబద్ధం. బిళ్ల గెంతడం నిజం. ఎవేలియో స్కానింగుకి వెళ్లాడన్నదే నా కల్పన.

కార్ఖానాలో పత్రికలోని ఈ ముక్క పైకి చదువుతున్న పెద్దమనిషీ, ఇక్కడ కాస్త ఆగు. అందరూ మొదటి బల్ల వైపు తిరగండి. తమ్ముడూ, ఆ చుట్ట ఆర్పు, లే. గేటు దగ్గర మీ వదిన గుర్రబ్బండి పెట్టుకుని నిలబడి ఉంటుంది. అది కల్పన కాదు.