పెరటాసిలో బొగ్గు ఫిల్టరు

పెరటాసి నెలలో కోడి మీదికి మనసు పోవడం నా తప్పు కాదు. మిగతా పదకొండు నెలలూ నేను దాన్ని అంతగా పట్టించుకోను. దీపావళికి ముందొచ్చే ఆ నెలంతా తిరుపతిలో మాలాంటి ఇళ్ళలో స్వామి పేరు మీద నీచు మానేస్తారు. మా ఆవిడ ధరణి ఊరుకోక, పటం ముందు నిలబెట్టి నా చేత మాట కూడా ఇప్పించింది. అప్పటినుంచే నాకు నీరసం.

ఒక శనివారం ధరణి అలిపిరి మెట్ల దారిన కొండకు బయలుదేరింది. సాయంత్రం దాకా రాదు. చికెన్ పకోడి తెచ్చుకోవడం పెద్ద పని కాదు, దాని వాసనను దాచడమే పని. కిటికీ తెరిస్తే వీధంతా తెలుస్తుంది. ఏసీకి మంచి ఫిల్టరు వేస్తే వాసన అందులోనే చిక్కుకుంటుందని ఎక్కడో విన్నాను.

ఏసీ సామాన్ల కొట్టు ఢిల్లీబాబు నన్ను అయోమయంలో పడేశాడు. దుమ్ముకా, పొగకా, క్రిములకా, వాసనకా అని అడిగాడు. వాసనకే అన్నాను. ఏం వాసన అన్నాడు. నుదుట నామం పెట్టుకున్న మనిషికి ఆ సంగతి ఎలా చెప్పను? సాంబ్రాణి అన్నాను.

"సాంబ్రాణి వాసన వద్దని వచ్చినోణ్ణి నిన్నే సూస్తా ఉండా మునిచంద్రా," అన్నాడు.

తర్వాత మీ ఏసీ ఎన్ని టన్నులు అన్నాడు. గోడకు బిగించాక దాన్ని ఎవరు తూచారు? ఉన్నవాటిలో మందంగా, నల్లగా ఉన్న బొగ్గు ఫిల్టరు తీసుకుని బయటపడ్డాను. మందమైతే ఎక్కువ పట్టుకుంటుందని నా లెక్క.

ఇంటికొచ్చి ఏసీ మూత తీసి, లోపలి జాలీ మీద దాన్ని అమర్చాను. పడకగది తలుపేసుకుని, మంచం మీద పేపరు పరచి పకోడి తిన్నాను. మొదటి ముక్కకే ప్రాణం లేచొచ్చింది. పొట్లం ఖాళీ అయింది గానీ వాసన కదల్లేదు. పైగా చల్లగాలి ఆగిపోయి, గురగుర శబ్దం మాత్రం మిగిలింది. కాసేపటికి లోపల ఐసు కట్టి నీళ్ళు దిండు మీద కారసాగాయి. బకెట్ పెట్టాను. ఊదొత్తులు వెలిగించాను. ఇప్పుడు ఆ గదిలో కోడికే పూజ చేసినట్టుంది.

అంతలో ధరణి వచ్చేసింది. పాదాలు వాచి ఉన్నాయి. నా చేతిలో లడ్డు పెట్టి, నీ పేరు చెప్పి కూడా మొక్కినాను మామా అంది. నాకు నిజంగా సిగ్గేసింది. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఆమె గదిలోకొచ్చి గాలి పీల్చగానే భయంతో అబద్ధం దానంతటదే వచ్చేసింది.

"పక్కింటి కృపామణమ్మ కోడి వండినట్టుండాది. ఆ నీసు వాసన నాకు పడదు గదా. అందుకే ఈ కొత్త ఫిల్టరు ఏసినా."

ధరణి స్టూలెక్కి ఏసీ మూత తీసింది. ఆ జాలీని ఇన్నాళ్ళూ తీసి కడుగుతున్నది తనేనని నాకు అప్పుడే తెలిసింది. ఫిల్టరు బయటికి లాగి, దానికి బిగుతుగా చుట్టి ఉన్న ప్లాస్టిక్ కవరును గోటితో చీల్చి నా చేతికిచ్చింది. కొత్త వస్తువు మాసిపోకూడదని నేనే దాన్ని తీయలేదు.

"కృపామణక్క నిన్ననే తాళమేసుకోని శ్రీకాళహస్తికి పోయింది. తాళంచెవి నా కాడే ఉండాది," అంది.

నేను ఆ కవరును జాగ్రత్తగా మడత పెట్టడం మొదలుపెట్టాను.

"పోనీలే మామా. నీసు వాసనే పడదంటివి, పాపం. దీపావళికి మా అన్నోళ్ళు వస్తారు, పొట్టేలు కూర సేస్తాను. మేమంతా వంటింట్లో తింటాము. నువ్వు ఈ రూములో తలుపేసుకోని ఏసీ కింద కూర్చో. ఈసారి కవరు తీసినాము గదా, నీకు వాసన రాదు."

సరే అన్నాను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, దీపావళికి మీ ఇంట్లో ఏం వండుతున్నారు?