అధ్యక్షుని పేజీ

భద్రకాళి చెరువుకు గండి పడి వాడల్లోకి వరద వచ్చిన ఏడు. ఆ వరదలో కొత్తవాడలోని ఒక చేనేత సంఘం గోదాములోకీ నీళ్లు వచ్చాయి. తడిసింది అడుగు వరుస ఒక్కటే. పై వరుసలన్నీ పొడిగానే ఉన్నాయి. కానీ ఆ సంఘం జంపఖానాలు నీళ్లలో నానాయని బజారులో మాట పుట్టింది. దుకాణాల వాళ్లు రావడం మానేశారు. దసరా లోపు సరుకు కదలకపోతే మగ్గాలకు నూలు ఇవ్వలేనని సంఘం అధ్యక్షుడు కుమారస్వామి చెప్పేశాడు. నూలు లేకపోతే మగ్గం ఆడదు. మగ్గం ఆడకపోతే వాడలో పొయ్యి వెలగదు.

దుకాణాల మొహం చూడకుండా వెబ్‌సైట్ పెట్టి మనమే అమ్ముదామన్నది ఆయన తమ్ముని బిడ్డ మహిత. హనుమకొండలో కంప్యూటర్లు చదివింది. చేసిపెట్టే వాళ్లను హైదరాబాదులో మాట్లాడింది కూడా. వాళ్లు ఒకటే షరతు పెట్టారు. ఏ పేజీ ముందు రావాలో, ఏ పేజీ నుంచి ఏ పేజీకి పోవాలో మేం వచ్చేలోపు మీరే తేల్చి పెట్టుకోండి, తర్వాత మార్చమంటే మా వల్ల కాదన్నారు.

వాళ్ల మనిషి వచ్చే రోజు పొద్దున కమిటీ కూర్చుంది. మహిత కాగితం మీద గడులు గీసి చూపించింది. ఎవరికీ ఎక్కలేదు. చివరికి గోదాములోని జంపఖానాలు తెప్పించి, సంఘం వాకిట్లో గేటు నుంచి వేపచెట్టు దాకా వరుసగా పరిపించింది.

"ఒక్కో జంపఖానా ఒక్కో పేజీ అనుకోండ్రి. కొనేటాయన గేటుకాడ లోపలికస్తడు. ఆడికెళ్లి ఏడికి నడుస్తడో మనం జెప్పాలె," అంది.

ఇది అందరికీ అర్థమైంది. అర్థమైనందుకే గొడవ మొదలైంది.

"గేటుకాడిది అధ్యక్షునిది," అన్నాడు కుమారస్వామి.

"మరి ఉపాధ్యక్షునిది ఏదన్నా?" అన్నాడు ఉపాధ్యక్షుడు ఉపేందర్.

"దాని ఎనుకది."

ఆ తర్వాత సంఘం చరిత్ర. ఆ తర్వాత ప్రారంభోత్సవం, సన్మానాలు. అమ్మాల్సిన సరుకు పేజీలు, అంటే అన్నిట్లోకీ మంచి జంపఖానాలు, పోయి పోయి వేపచెట్టు కింద, గోడ మూలకు పడ్డాయి.

"కొనేటాయన నీ ముఖం జూసి గేటుకాన్నుంచే వాపసు పోతడు పెద్దబాపూ," అంది మహిత.

"నా ముఖం జూసే గదా బిడ్డా, ఇన్నేండ్ల సంది నూలు అస్తాంది."

ఏ పేజీ ఎవరిదో మరిచిపోకుండా గుర్తు పెట్టాలన్నాడు ఆయన. లోపలికి పోయి గోడకున్న తన పెద్ద ఫోటో దించుకొచ్చాడు. మొదటి జంపఖానా మీద కుర్చీ వేసి, కుర్చీలో ఫోటో నిలబెట్టాడు. ఉపేందర్‌కు గోడ మీద ఫోటో లేదు.

"నాది ఫోన్ల ఉన్నదన్నా," అన్నాడు.

"అయితే ఫోన్ పెట్టు. ఎవడన్న ఎత్తుకపోతె నన్నడగకు."

ఉపేందర్ అలిగాడు. ఆ కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. మహిత హైదరాబాదు మనిషి కోసం స్టేషనుకు పోయింది. కుమారస్వామి కాసేపు పడుకుని లేచి గడ్డం గీసుకుందామని సంఘం వెనుకనే ఉన్న తన ఇంట్లోకి పోయాడు. కమిటీ వాళ్లు చాయ్ తాగి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. వాకిట్లో మిగిలినవి పరిచిన జంపఖానాలు, కుర్చీలో ఫోటో, పక్కన తల పట్టుకున్న ఉపేందర్.

పూలమ్మే కట్టమ్మ అటుగా వచ్చింది. చూసింది. గంపలోంచి ఒక దండ తీసి ఫోటోకు వేసింది.

"ఎట్లయింది కొడుకా?" అని అడిగింది.

ఉపేందర్ పలకలేదు. అలిగినవాడు పలకడు. పైగా దండ కూడా ఆయనకేనా అని ఇంకా మండింది. కట్టమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని పోయింది.

దండ పడ్డాక ఇంకెవరికీ అనుమానం రాలేదు. ధర్మసాగర్ ఊరికి ఆటో నడిపే రాయమల్లు ఆటో ఆపి, దండం పెట్టి, ఆ కబురుతో వచ్చిన దారినే తిరిగి పోయాడు. అక్కడ కుమారస్వామి అక్క మల్లవ్వ ఉంది. అటువంటి సమయంలో ఇంటికి ఫోన్ చేసి నిజమేనా అని అడగడం పద్ధతి కాదు. చుట్టాలు ఆటోల్లో దిగారు. వాడ వాళ్లు పనులు వదిలి వచ్చారు. అందరూ ఆయన ఫోటోకే మొక్కుతుంటే ఉపేందర్ తల ఇంకా కిందికి దించుకున్నాడు. ఫోటో ముందు ఎవరూ కూర్చోలేదు. దండం పెట్టి, చరిత్రనూ సన్మానాలనూ తొక్కుకుంటూ సీదా వేపచెట్టు నీడకు పోయి మంచి జంపఖానాల మీద కూర్చున్నారు. కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడాలి. పోయినాయన పట్టింపు మనిషన్నారు. నూలు గట్టిదన్నారు. అంచులు తడిమి చూసి, నానిన వాసన లేదే అన్నారు.

హైదరాబాదు మనిషి శశాంక్ రైల్లో రాలేదు. కారులో వచ్చాడు. గేటు దగ్గర ఫోటో చూసి, బూట్లు విప్పి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని అందరి వెనుక కూర్చున్నాడు.

ఆఖరికి మల్లవ్వ వచ్చింది. కుర్చీ కోళ్లు పట్టుకుని శోకం అందుకుంది. "తమ్మీ, వరదల నిలవడితివి, ఎండల పోతివా..."

ఆ గోలకు కుమారస్వామి సగం మొహం సబ్బుతో బయటికి ఉరికొచ్చాడు.

"అక్కా, ఎవలు వోయిండ్రే?"

మల్లవ్వ ఫోటోను చూసింది. తమ్ముణ్ని చూసింది.

"నువ్వే," అంది. తర్వాత వీపు మీద ఒకటి వేసింది. "బతికున్నోనికి దండేందిరా?"

"నాకేం ఎరుక? ఉపేందర్‌ను అడుగు."

"నువ్వే ఏయించుకున్నవనుకున్న," అన్నాడు ఉపేందర్, ఫోటో వంక చూడకుండా.

చావుకు వచ్చినవాళ్లకు చావు లేకపోతే ఎట్లా లేవాలో తెలియలేదు. మల్లవ్వే తేల్చింది.

"ఆటో కిరాయి పెట్టుకొని అచ్చి ఒట్టి చేతులతోని పోవుడేంది? ఈ ఎర్రంచుది నాకు కట్టు. పుకట్‌ల కాదు, పైసలిస్త."

ఆమెను చూసి పక్కామె. పక్కామెను చూసి వాడంతా. స్టేషనులో చూసి చూసి తిరిగొచ్చిన మహితకు కట్టలు కట్టడానికి చేతులు చాలలేదు. పొద్దుగూకేసరికి వేపచెట్టు కింద మట్టి కనబడింది. లోపలి నుంచి తెచ్చినవీ పోయి గోదాము సగం ఖాళీ అయింది. రేపు మగ్గాలకు నూలు ఇవ్వవచ్చు.

శశాంక్ బూట్లు తొడుక్కుంటూ అన్నాడు. "మేడమ్, ప్లాన్ దొరికింది. అందరూ ముందు పేజీలన్నీ దాటేసి సరుకు దగ్గరికే పోయారు. సరుకు ముందు పెడదాం. సార్ ఫోటో చివర పెడదాం."

కుమారస్వామి సగం గడ్డం నిమురుకున్నాడు.

"గంతమంది గేటు లోపలికచ్చింది దేన్ని జూసి?" అని అడిగాడు.

శశాంక్ రెండో బూటు తొడుక్కోకుండానే గేటు వైపు తిరిగి ఫోటోను చూశాడు.

మరునాడు పొద్దున కుమారస్వామి అందరికన్నా ముందు లేచాడు. మిగిలిన జంపఖానాలు వాకిట్లో పరిచాడు. గేటు దగ్గర కుర్చీ వేసి ఫోటో నిలబెట్టాడు. నిన్నటిది వాడిపోయిందని కట్టమ్మ దగ్గర కొత్త దండ కొన్నాడు. ఉపేందర్ రాత్రికి రాత్రే తన ఫోటోకు ఫ్రేము కట్టించుకొచ్చాడు. సరే, రెండో జంపఖానా మీద పెట్టుకో, దండ మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలన్నాడు కుమారస్వామి.