అంగుళం తక్కువైన వంటిల్లు

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి అలమర బిగించాలి. తొమ్మిదింటికి గిన్నెలు సర్దాలి. పదింటికి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. పదకొండింటికి అక్క బస్సు దిగుతుంది, వంటిల్లు చూస్తుంది, తల ఊపుతుంది, పది రోజులుంటుంది. ఆ చివరి మాట కోసమే మిగతా హడావుడంతా.

భార్య పోయి ఏడాదైంది. పెద్ద వాటా ఖాళీ చేసి, కుట్టు మిషనుతో సహా ఈ చిన్న వాటాలోకి మారాడు. ముందుగది వెనక వంటిల్లు అనబడే జాగా ఒకటుంది. అందులో ఇద్దరు పట్టడం సంగతి అలా ఉంచి, ఒక్కరే నిలబడినా చేతులు చాపడానికి లేదు. అక్క ఇదివరకొకసారి వచ్చి గుమ్మంలోంచే చూసి వెనక్కి తిరిగింది. "గిన్నెలన్నీ నేల మీదే ఉన్నాయి కదరా! ముందు ఇది సర్దు. అప్పుడొచ్చి పది రోజులుంటా," అంది. ఆమె మాటవరసకి అందో, మనసులోంచే అందో తెలియదు గానీ, ఆయన మాత్రం ఆ పది రోజుల మాట పట్టుకుని ఆరు నెలలు గడిపాడు.

చేతిలో ఉన్న కాస్త డబ్బుతో చేయగలిగినదంతా చేశాడు. మిగిలిపోయిన ప్యాంటు గుడ్డతో పన్నెండు జేబుల తెర కుట్టి గోడకు వేలాడదీశాడు. చెంచాలకొక జేబు, చాకుకొక జేబు, అగ్గిపెట్టెకు బొత్తామున్న జేబు. ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు మూడు కొన్నాడు. పళ్లెం దగ్గర కొట్టతను "ఒకటా, రెండా?" అని అడిగితే "రెండు" అన్నాడు. ఆ మాట అనగలిగినందుకు ఇంటికొచ్చేదాకా సంతోషపడుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది అలమర. ఇంటి ఓనరు ఒకప్పటి వడ్రంగి మేస్త్రీ. వాటా అద్దెకిచ్చే రోజునే ఇనుప టేపు లాగి, పొయ్యి గట్టుకీ తలుపున్న గోడకీ మధ్య జాగా సరిగ్గా ముప్పై ఆరు అంగుళాలని ప్రకటించాడు. పాత సామాన్ల కొట్లో టైలరు తన గుడ్డ టేపుతో అలమర కొలిస్తే ముప్పై అయిదున్నర వచ్చింది. ఇంకేం, తీసుకున్నాడు. ఆయనకు తెలియనిదల్లా ఆ టేపు ముప్పై ఏళ్ల వాడకంలో అంగుళానికి పైగా సాగిపోయిందని. తెలిసే దారి కూడా లేదు. ఆయన కొలిచిందీ ఆ టేపుతోనే, భార్య గుడ్డ కత్తిరించిందీ ఆ టేపుతోనే. ఇద్దరూ ఒకే తప్పు చేస్తూ వచ్చారు కాబట్టి చొక్కాలన్నీ సరిపోయాయి.

అలమరను ముక్కలుగా లోపలికి తెచ్చుకుని, మసలడానికి వీలుగా తలుపు మూసి, బోల్టులు బిగించి నిలబెట్టాడు. జాగాలోకి నెట్టాడు. పోలేదు. భుజం పెట్టి బలంగా నెట్టాడు. అలమర ఏటవాలుగా తిరిగి, ఒక మూల గట్టుకీ ఇంకో మూల తలుపుకీ తన్నుకుని, కిర్రుమని బిగుసుకుపోయింది. లోపలికి తెరుచుకోవలసిన తలుపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బోల్టులు విప్పుదామంటే అవన్నీ చెయ్యి దూరని వైపున ఉన్నాయి. గట్టు పక్కనే చిక్కుకున్న ఆయనకు పొయ్యి, గిన్నెలు, బియ్యం, బంగాళాదుంపలు, గుడ్లు, మెట్ల వైపున్న చిన్న కిటికీ మాత్రం మిగిలాయి. ఫోను మిషను మీద ఉంది. ఉప్పు పొట్లం కూడా అక్కడే ఉంది.

కేకేసి ఎవరినైనా పిలవొచ్చు. కానీ ఏమని పిలవాలి? ముప్పై ఏళ్లుగా కొలతలు తీసే మనిషి కొలత తప్పి వంటింట్లో ఇరుక్కున్నాడని చెప్పుకోవాలా? ఎలాగోలా బయటపడదామని అలమరతో కుస్తీ పడుతుండగానే పదకొండైంది. చేరవేసి ఉన్న వీధి తలుపు తోసుకుని అక్క వచ్చేసింది.

"ఒరేయ్, ఎక్కడున్నావురా?"

"వంటింట్లో అక్కా! వంట చేస్తున్నా. నువ్వు కూర్చో, లోపలికి రాకు!"

"నువ్వా? వంటా?" అంది అక్క. ఆ గొంతులోని ఆశ్చర్యం విన్నాక వెనక్కి తగ్గడానికి ఆయనకు మనసొప్పలేదు. పొయ్యి వెలిగించాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నం వండటం అదే మొదలు. నీళ్లెన్నో తెలియక గిన్నె నిండా పోశాడు, బియ్యమూ నిండుగానే పోశాడు. అది పొంగి రెండో గిన్నెలోకి, అక్కణ్నించి మూడో గిన్నెలోకి చేరింది. బంగాళాదుంపల మీద గుడ్లు కొట్టి కలియబెట్టి దానికి కూర అని పేరు పెట్టుకున్నాడు.

"అక్కా, మెట్ల మీదికి రా. కిటికీలోంచి అందిస్తా."

"అదేం వడ్డనరా?"

"ఇరుకు వంటిళ్లలో ఇప్పుడిదే పద్ధతక్కా. చోటు కలిసొస్తుంది."

అక్క మెట్ల మీద కూర్చుని ఒక ముద్ద తింది. "ఉప్పు లేదేంట్రా?" అని, తనే జవాబు వెతుక్కుంది. "నా బీపీ గుర్తుపెట్టుకున్నావా! కన్నతల్లి కూడా ఇంత చూడదురా." ఆమె కళ్లు తడయ్యాయి. ఉప్పు పొట్లం మిషను మీదుందని చెప్పడానికి అది సమయం కాదని ఆయన ఊరుకున్నాడు.

ఆ మాట, డ్యూటీ దిగి మెట్లెక్కుతున్న పై వాటా నర్సు చెవిన పడింది. "ఉప్పు లేని భోజనమా? మా పేషెంట్లకి ఎంత చెప్పినా ఇంట్లో ఎవరూ చెయ్యరమ్మా! మాస్టారూ, నాకూ కాస్త పెట్టరూ?" అని డబ్బా చాపింది. కాదంటే తలుపు సంగతి బయటపడుతుందేమోనని పెట్టాడు. ఆమె పైకి వెళ్లకుండా కిందికి దిగి, బీపీ ఉన్న ఇద్దరు ముసలాళ్లకు చెప్పింది. వాళ్లు గిన్నెలతో వచ్చారు, వెంట వాళ్ల స్నేహితులూ వచ్చారు. పావుగంటలో మెట్ల మీద వరుస తయారైంది. మూడు గిన్నెల అన్నం ఏమవుతుందో అన్న బెంగ టైలరుకు తీరిపోయింది.

ఆ వరుసను చీల్చుకుంటూ ఓనరు వచ్చాడు. "ఏమయ్యా, నీకు ఇల్లిచ్చింది కాపురానికా, హోటలు పెట్టడానికా? తలుపు తియ్యి, లోపలేం చేశావో చూడాలి!"

"ఇప్పుడు కుదరదండీ."

"కుదరదా? అయితే ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్యి!"

అక్క గయ్యిమని లేచింది. "మా తమ్ముడు తన కాళ్ల మీద తను నిలబడ్డాడని మీకు కడుపుమంటా? ఇంతమందికి వండి పెడుతున్నాడు చూడండి!" అప్పుడు ఆమెకే ఏదో తట్టినట్టు ఆగిపోయింది. గొంతు తగ్గించి, కిటికీ వైపు తిరిగింది. "నిజమేరా. నీకేదో కష్టంగా ఉందేమోనని పది రోజుల బట్టలు సర్దుకొచ్చా. నీకు వంటా వచ్చింది, చుట్టూ మనుషులూ ఉన్నారు. ఇక నాతో పనేముంది? రెండింటి బస్సుకి వెళ్లిపోతాలే." అంటూ సంచి అందుకుంది.

టైలరు కిటికీ చట్రం పట్టుకున్నాడు. ఇల్లు పోతుందన్నప్పుడు కూడా ఆయనకంత భయం వేయలేదు.

"అక్కా, వెళ్లకు! నాకు వంట రాదు. ఇవాళే మొదటిసారి వండా. ఉప్పు అవతల ఉండిపోయింది కాబట్టి వెయ్యలేదు. అలమర అడ్డం పడి లోపల ఇరుక్కుపోయా. ఈ జనమెవరో నాకు సగంమంది తెలీదు. ఏడాదిగా హోటల్నించి పొట్లం తెచ్చుకుని, నిలబడే తింటున్నానక్కా. కూర్చుంటే ఎదురుగా ఎవరూ లేరని తెలిసిపోతోంది."

నర్సు డబ్బా మూత పెట్టుకుంది. ఓనరు గొణుక్కుంటూ వెళ్లి రంపం తెచ్చాడు, ఆయనకు కోపం కంటే వడ్రంగం పాతది. అక్క మాత్రం సంచి కింద పెట్టి, మెట్టు మీద కూలబడింది.

"మరి ఆ ముక్క ముందే చెప్పి ఏడవలేకపోయావా? నేనూ అంతే కదరా. టీవీతో కబుర్లు చెప్పుకుంటూ తింటున్నా. ఉండమంటావని ఎదురుచూశా. నువ్వేమో కిటికీలోంచి వడ్డిస్తున్నావు!"

"రెండింటి బస్సన్నావుగా?"

"రెండింటికి అసలు బస్సే లేదు, వెధవా. ఆపుతావేమోనని అన్నా."

ఓనరు తలుపును నిలువునా కోసి, టైలరును బయటికి లాగి, రెండు టేపులూ పక్కపక్కన పరిచి చూసి చాలాసేపు నవ్వాడు. ఖాళీ చేయమన్న మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది. సాయంత్రానికి అలమర ముందుగదిలోకి వచ్చింది. అక్క కొంగు బిగించి, ఇక వంటంతా నాదేనంటూ వంటింట్లోకి అడుగుపెట్టబోయింది. ఆ ఇరుకులో ఒక భుజం పట్టింది, మిగతా అక్క పట్టలేదు.

అందుచేత ఆ పది రోజులూ వంట ఆయనే చేశాడు. వంకలు పెట్టడానికి అక్కకు ముందుగదిలో కావలసినంత చోటు దొరికింది.