యాభై పిల్లలకు ఒక దుప్పటి

కొమరోలు దగ్గరి ఆ పల్లెలో ఆ శనివారం రెబెకా అనుకున్న పని ఒక్కటే. కోడిపిల్లలకు నీళ్ళు మార్చి, ఎనిమిదింటికల్లా కందిచేనుకు కూలికి పోవాలి. పొదుపు సంఘం ఆమెకు యాభై పిల్లలను ఇచ్చి మూడు రోజులైంది. ఇవి బతికితేనే మిగతా ఆడవాళ్ళకూ ఇస్తామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

వసారాలో రేకును గుండ్రంగా చుట్టి, లోపల వరిపొట్టు పరిచి, పైన బల్బు వేలాడదీసి ఇచ్చింది పశువుల ఆసుపత్రి పావని. "బల్బు కింద గుమిగూడితే చలక్కా, దూరంగా పోతే ఉడక" అని చెప్పింది కూడా. రెబెకా తలూపింది. కానీ చలికాలం పొద్దున పసిపిల్లలకు ఉడకేమిటి? కన్న కొడుక్కి ఎండాకాలంలో స్వెట్టరు తొడిగిన మనిషి ఆమె. ఇంకో రెండు బల్బులు తగిలించి, రేకు మీద దుప్పటి కప్పింది.

అరగంటకు దుప్పటి ఎత్తి చూస్తే పిల్లలన్నీ అంచులకు అంటుకుపోయి, నోళ్ళు తెరిచి, రెక్కలు వాల్చేసి ఉన్నాయి.

"ఓయమ్మో, తెగులు తగిలింది!"

భర్త శ్యాంసన్ పళ్ళు తోముకుంటూ వచ్చి చూశాడు. "ఉడకేమో మే. ఆ దుప్పటి తియ్."

"తీస్తే చలికి సస్తాయి! నీకేం తెలుసు?"

మళ్ళీ కప్పేసి, పాస్టరు యోబు ఇంటికి పరుగెత్తింది. "అయ్యగారూ, నా కోడిపిల్లలు తెగులొచ్చి పోతన్నాయి. ప్రార్థన చెయ్యండి."

పాస్టరు మంచివాడు. తానొక్కడే చేస్తే చాలదనుకుని చర్చి మైకు అందుకున్నాడు. "రెబెకమ్మ కోడిపిల్లలకు తెగులొచ్చిందంట. అందరూ కళ్ళు మూసుకోండి."

ఊరు కళ్ళు మూసుకుంది. ఆమెన్ అనగానే కళ్ళు తెరిచి కత్తులు వెతుక్కుంది. తెగులు తమ కోళ్ళ దాకా చేరేలోపు కోసుకుంటే కూరైనా దక్కుతుంది. ప్రార్థన లేని ఇళ్ళలో కత్తులు ఇంకాస్త ముందే లేచాయి.

ఎవరో ఫోన్ చేస్తే తొమ్మిదింటికి పావని బండి మీద వచ్చింది. దుప్పటి లాగిపారేసి, రెండు బల్బులు ఆర్పింది. కాసేపటికి పిల్లలు ఒక్కొక్కటే లేచి, నీళ్ళ కోసం ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టాయి.

"తెగులేందక్కా? నువ్వే ఉడకబెట్టినావు. ఇంకో గంటైతే నిజంగానే పోయేటివి."

రెబెకాకు ప్రాణం లేచివచ్చింది. వెంటనే సిగ్గుతో చచ్చింది. వీధి పొడుగునా ఎగిరిపడుతున్న ఈకలు ఆమెకు కనబడుతున్నాయి. "తెగులు లేదంట, దేవునికి స్తోత్రం" అని మైకులో పాస్టరు చెప్పేసరికి అన్ని పొయ్యిల మీదా ఉల్లిపాయలు వేగుతున్నాయి. తిరిగి స్తోత్రం అన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె కూలికి పోలేదు. తలుపు వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం పక్కింటి నాగరత్నమ్మ తలుపు తట్టి, గిన్నె చేతిలో పెట్టింది. "ఇదిగో, మా ఎర్రపుంజు. రోజూ నిన్ను లేపేది గదా, తిను."

"తప్పయిపోయింది వదినా..."

"తప్పేముందిలే. నీ పిల్లలు సల్లగుండాల."

రెబెకా తల ఎత్తకుండా గిన్నె ఖాళీ చేసింది. కూర చాలా బాగుంది గానీ, ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.