బాపట్ల టిక్కెట్టు, రేపల్లె రైలు

"నేరం చేసి నా కళ్ళుగప్పిన మొనగాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా తెనాలి పొలిమేర దాటడు."

గౌరీశంకరం గంభీరంగా ఇలా ప్రకటించినప్పుడు లాల్ అహమ్మద్ కుట్టుమిషను తొక్కడం ఆపలేదు. వారం వారం వినేదానికి ఎవరు మాత్రం ఎన్నిసార్లు ఆగుతారు? ఆయన ఆపింది తరవాతి మాటకి. "షాపు మూసెయ్, కేసొచ్చింది" అన్నాడు గౌరీశంకరం. గౌరీశంకరానికి కేసొస్తే లాల్‌కి బేరాలు పోతాయి. చిన్నప్పటి స్నేహం మరి, వదిలించుకుందామంటే వదిలేది కాదు.

గౌరీశంకరానిది పక్కనే కళ్ళజోళ్ళ షాపు. బోర్డు మీద షాపు పేరు కింద "రహస్య పరిశోధనలు కూడా చేయబడును" అని రాయించుకున్నాడు. ఇన్నేళ్ళ పరిశోధనలో ఆయన పట్టుకున్నది తప్పిపోయిన మేకనొక్కదాన్నే. నిజం చెప్పాలంటే అది కూడా తనంతట తనే ఇంటికొచ్చింది. ఆ మేక తన నిఘాకి భయపడి లొంగిపోయిందని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.

ఈ రెండు షాపుల మీది మేడలో వెంకటరత్నమ్మ గారుంటారు. ఆవిడ అక్కకూతురు డాక్టర్ వసుంధర, రేపల్లెలో ఒక సర్కారు ఆసుపత్రిలో కాన్పులు చేసే డాక్టరమ్మ, వచ్చి ఆ మేడ మీద దాక్కుంది. దాక్కోవడమనే మాట నిజమే. పాపం, ఆవిడని చదువు నడుమ శ్రీకాకుళం అవతలకి బదిలీ చేశారు. చదువు ఆవిడది కాదు, కూతురు శ్రీనిధిది. పదో తరగతి, వచ్చే నెల పరీక్షలు. భర్త పోయాక ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే. పరీక్షలయ్యేదాకా ఉండనివ్వండి, లేదంటే సెలవన్నా ఇవ్వండి అని ఆవిడ అడిగింది. పైవాళ్ళు రెండూ కుదరవన్నారు. ఆవిడ హైకోర్టుకెక్కింది.

సర్కారు డాక్టర్ల బదిలీల్లో ఒక పద్ధతి ఉంది. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన ఏమీ కాదు. మిమ్మల్ని ఇక్కణ్ణుంచి విడుదల చేశాం అనే కాగితం చేతిలో పడాలి. పడిందా, పాత సీటు పోయినట్టే. అందుకే వకీలు జగన్నాథరావు గారు వసుంధరకి గట్టిగా చెప్పారు: కోర్టు తేల్చేదాకా ఆఫీసు మనిషి కనబడితే తలుపు తియ్యకండి, ఫోను కట్టేసుకోండి, ఏదున్నా నేనే కబురు పంపుతాను. కాన్పుల గదిలో నిలబడి నిలబడి నడుం ఎప్పుడో పట్టేసింది కాబట్టి ఆవిడ వైద్య సెలవు పెట్టి, కూతుర్ని పక్కింటివాళ్ళకి అప్పగించి, తెనాలి వచ్చేసింది. పిల్ల గొంతు వినలేక రోజూ ఏడుపే.

ఆ మధ్యాహ్నం వీధిలో బట్టసంచీ తగిలించుకున్న మనిషొకడు తిరిగాడు. పేరు వీరాస్వామి అనీ, బాపట్ల ఆఫీసు నుంచి వచ్చాననీ చెప్పాడు. రేపల్లె డాక్టరమ్మ గారి ఇల్లెక్కడని అడిగాడు. గౌరీశంకరం వాణ్ణి కుర్చీలో కూలేసి, నీ వెనక ఎవరున్నారు, ముఠాలో ఎంతమంది, సంచీలో ఆయుధమేంటి అని నిలదీశాడు. వాడు బిత్తరపోయి, "ఏంటండీ మీరు? నేను మేడమ్ గారితోనే మాట్లాడాలండి, ఎవరికీ చెప్పొద్దన్నారండి" అన్నాడు. గౌరీశంకరం వాడికి కళ్ళ పరీక్ష పెట్టి, గోడమీది అక్షరాలు చదవమని అటు తిప్పి కూర్చోబెట్టి, షాపు మూసిన లాల్‌ని వెంటబెట్టుకుని వెనక మెట్లమీంచి మేడెక్కాడు.

సంగతి వినగానే వసుంధర మొహం పాలిపోయింది. "ఆ కాగితం నా చేతిలో పెట్టడానికే వచ్చుంటాడు బాబాయ్ గారూ. అది నా చేతికి తగిలితే నా పనైపోయినట్టే" అంది.

గౌరీశంకరం కళ్ళు మెరిశాయి. విషం పూసిన కాగితమన్నమాట, అని లాల్ చెవిలో చెప్పాడు. అలాంటిదేం కాదురా బాబూ, అది ఆఫీసు కాగితం అని లాల్ చెప్పబోతే, సామాన్యులకి అలాగే కనబడుతుందని కొట్టిపారేశాడు. వెంటనే పథకం వేశాడు. బాపట్లలో తన చెల్లెలు అనంతలక్ష్మి ఇల్లుంది. డాక్టరమ్మని అక్కడ దాచాలి. ఆ ఆఫీసున్నదీ బాపట్లలోనే కదరా అని లాల్ గుర్తుచేశాడు. శత్రువు గోడ పక్కనే కాపురం పెడితే శత్రువుకి అనుమానం రాదని గౌరీశంకరం సెలవిచ్చాడు.

ఇక మారువేషాలు. షాపులోంచి రెండు నల్లకళ్ళజోళ్ళు తెచ్చాడు. అవి మామూలువి కావు. కర్లపాలెం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు ఎండకి బావుంటుందని, సోడాబుడ్డి అద్దాలకి నల్లరంగు వేయించుకుని ఆర్డరిచ్చినవి. ఒకటి తను పెట్టుకున్నాడు, ఒకటి డాక్టరమ్మకి పెట్టి తలమీద కొంగు కప్పుకోమన్నాడు. గమ్యం చేరేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, తల ఎత్తకూడదు అని ఆంక్ష పెట్టాడు. బాపట్లకి మూడు టిక్కెట్లు తీసుకురమ్మని లాల్‌ని స్టేషనుకి ముందే తరిమాడు.

లాల్ క్యూలో నిలబడి టిక్కెట్లు పట్టుకుని ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి ఆ ఇద్దరూ ఒక రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు, రైలు కదులుతోంది. వెనక నుంచి వీరాస్వామి "మేడమ్, మేడమ్" అని అరుస్తూ వస్తున్నాడు. అక్షరాలన్నీ చదివేసి, మళ్ళీ ఎవరూ రాకపోతే బయటికొచ్చి వాళ్ళని చూసేశాడు పాపం. రైలు కూతలో వాడి మాట కలిసిపోయింది. లాల్ ముందూ వెనకా చూడకుండా పెట్టెలోకి ఎగిరాడు. వీరాస్వామి చివరి పెట్టె పట్టుకున్నాడు.

కొంచెం ఊపిరి తీసుకున్నాక లాల్ బయటికి చూశాడు. బాపట్లకి పోయే పెద్ద లైను కనబడలేదు. చుట్టూ పొలాలు, ఒంటి లైను. తరవాత ఆగిన స్టేషను వేమూరు. లాల్‌కి అప్పటికి సంగతి అర్థమైంది.

"ఒరేయ్ శంకరం, ఇది రేపల్లె రైలురా."

గౌరీశంకరం తొణకలేదు. తను బోర్డు స్వయంగా చూశాననీ, బాపట్ల అని స్పష్టంగా ఉందనీ చెప్పాడు. ఆ అద్దాల్లోంచి ఆయనకి బోర్డు కనబడటమే ఎక్కువ, దాని మీది ఊరు కూడానా. వసుంధర జోడు తీసి, తనకి బాగా తెలిసిన దారి కళ్ళారా చూసి, కొంగు ఇంకా కిందికి లాక్కుంది. రేపల్లెలో దిగితే ప్రతివాడూ తనని గుర్తుపడతాడు. పోనీ ఇక్కడే దిగుదామా అంటే వీరాస్వామి అప్పటికే ప్లాట్‌ఫాం మీద పరిగెత్తుకుంటూ ముందు పెట్టెకి వస్తున్నాడు. గౌరీశంకరం తలుపుకి అడ్డంగా నిలబడి, రైలు కదిలేదాకా వాణ్ణి లోపలికి రానివ్వలేదు. భట్టిప్రోలులో మళ్ళీ అదే భాగోతం. ఎక్కబోయినవాళ్ళందరూ తిట్టుకుంటూ పక్క పెట్టెలోకి పోయారు.

వసుంధర మాత్రం ఎవరినీ తిట్టలేదు. లాల్ వైపు తిరిగి మెల్లిగా అడిగింది. "బాబాయ్, నేను తప్పు చేశానంటారా? పరీక్షలయ్యేదాకా పిల్ల దగ్గరుంటానన్నాను. అంతేగా."

లాల్‌కి కూడా ఒక కూతురుంది, అఫ్రోజ్. ఏమీ తప్పు కాదమ్మా అని మాత్రం అనగలిగాడు.

రేపల్లెలో పట్టాలు అయిపోయాయి. ఇక పారిపోవడానికి ఊరు లేదు, రైలూ లేదు. వీరాస్వామి రొప్పుతూ వచ్చేశాడు. సంచీలో చెయ్యి పెట్టాడు. "విషం" అంటూ గౌరీశంకరం పెట్టెలోంచి వాడి మీదకి దూకాడు. సోడాబుడ్డి అద్దాల్లో వీరాస్వామి ఎక్కడ కనబడ్డాడో గానీ, అక్కడ మాత్రం లేడు. గౌరీశంకరం ప్లాట్‌ఫాం మీద బోర్లా పడ్డాడు. చీలమండ కళ్ళముందే బోండాంలా వాచింది.

వీరాస్వామి సంచీలోంచి తీసింది మంచినీళ్ళ సీసా. గటగటా తాగి, అప్పుడు నోరు తెరిచాడు.

"మేడమ్, మీరు గెలిచారండి. పరీక్షలయ్యేదాకా మిమ్మల్ని కదపొద్దని నిన్న కోర్టు చెప్పిందండి. కానీ ఇవాళ సాయంత్రం అయిదులోగా ఇక్కడ డ్యూటీలో చేరాలంటండి. లేకపోతే కొత్త డాక్టరు గారొచ్చేస్తారండి. వకీలు గారు ఫోన్ చేస్తే మీది పలకట్లేదంటండి. సర్కారు ఆఫీసు కబురంటే మీరు తలుపు తియ్యరు కదండీ, అందుకే బాపట్లలో తన ఆఫీసులో పనిచేసే నన్ను పంపారండి. ఇందాకటి నుంచీ చెప్పనిస్తేనా."

వసుంధర స్టేషను గడియారం చూసింది, నాలుగున్నర దాటింది. అనుకున్నట్టే బాపట్ల రైలెక్కి ఉంటే ఈపాటికి అనంతలక్ష్మి గారింట్లో కాఫీ తాగుతూ సీటు పోగొట్టుకుని ఉండేది.

ఒకటే ఆటోలో అందరూ ఎక్కారు, గౌరీశంకరాన్ని అడ్డంగా పడుకోబెట్టి. ఆసుపత్రిలో గుమాస్తా కొత్త మెలిక పెట్టాడు. మేడమ్ నిజంగా పనిలో చేరినట్టు ఇవాళ ఒక్క రోగినన్నా చూసి ఉండాలి, ఓపీ అయిపోయింది, వరండాలో రోగులెవరూ లేరు అన్నాడు. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆటోలోంచి "అబ్బా" అని మూలుగు వినబడింది.

అయిదు కొట్టేలోపల గౌరీశంకరం పేరు ఓపీలో ఎక్కింది. వసుంధర కుర్చీలో కూర్చుని ఆయన కాలికి కట్టు కడుతుంటే, కబురు విని స్కూలు బట్టల్లోనే శ్రీనిధి పరిగెత్తుకొచ్చి తల్లి మెడకి చుట్టుకుంది. కట్టు వదులైంది. ఎవరూ పట్టించుకోలేదు. వీరాస్వామి కళ్ళొత్తుకున్నాడు.

గౌరీశంకరం అందరివైపూ విజయగర్వంతో చూశాడు. రైలు ఎంచుకోవడం, సరిగ్గా ఆ చోట పడటం, అంతా తన పథకం ప్రకారమే జరిగిందని ప్రకటించాడు. నల్లకళ్ళజోడు ఇంకా మొహం మీదే ఉంది కాబట్టి ఆ మాటలు గుమాస్తాకి కాకుండా బీరువాకి చెప్పాడు.

వసుంధర చీటీ రాసి పైకి చదివింది: నెలరోజులు పూర్తి విశ్రాంతి, నడక లేదు, పరిశోధన అసలే లేదు. గౌరీశంకరం లబలబలాడాడు. తెనాలి నేరస్థుల పాలైపోతుందనీ, తనకా సెలవు వద్దనీ, కావాలంటే కోర్టుకెక్కి రద్దు చేయించుకుంటాననీ అన్నాడు.

లాల్ అహమ్మద్ చటుక్కున ఆ చీటీ అందుకుని, మడిచి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. ఆ స్నేహంలో ఇన్నేళ్ళకి ఆయనకి మంజూరైన మొదటి సెలవు అది.