కనకరత్నం ట్యాబూ, గవర్రాజు కస్టమ్ రోమూ

మా గవర్రాజు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కుని ఈ చివర నుంచి ఆ చివరకి చుక్క తొణక్కుండా మోస్తాడు. ఇంట్లో మాత్రం మంచినీళ్ల గ్లాసు ముట్టుకున్నా ఒలకబోస్తాడని ఆయన భార్య కనకరత్నం అభియోగం.

షిఫ్టులో వాళ్లు అతన్ని రీస్టార్ట్ రాజు అంటారు. ఎవరి ఫోను మొరాయించినా ఓసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యమంటాడు. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. దాంతో తనకి కంప్యూటర్లు వచ్చేశాయని నమ్మేశాడు. ఈ కథకి మూలం ఆ నమ్మకమే.

కనకరత్నం గాజువాకలో ఇంటి ముందుగదిలోనే మగ్గం వర్కు చేస్తుంది. జాకెట్టు గుడ్డని చట్రానికి బిగించి, జరీతో, పూసలతో పూలూ లతలూ కుడుతుంది. ఆ డిజైన్లన్నీ ట్యాబులో తనే వేలితో గీసుకుంటుంది. ఆ ట్యాబు బాగా పాతబడిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీయే దాన్ని మర్చిపోయింది. ఆమె ఒక పువ్వు గీసి రెండోది మొదలుపెట్టాక గానీ మొదటిది తెర మీద విచ్చుకునేది కాదు.

కొత్తది కొందామంది కనకరత్నం. ట్యాబు ఒళ్లు బాగానే ఉంది, బుర్రే ముసలిదైపోయింది, బుర్ర మార్చేస్తే పడుచుదైపోతుందని గవర్రాజు ఉపన్యాసం మొదలెట్టాడు. ప్రపంచంలో కొందరు పుణ్యాత్ములు ఇలాంటి పాత యంత్రాల కోసమే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇస్తున్నారట. దాన్ని కస్టమ్ రోమ్ అంటారట.

"కష్టవా?" అంది కనకరత్నం.

"కష్టం కాదు రత్నం, కస్టమ్."

"పేరులోనే ఉన్నాదండీ కష్టం. నా ట్యాబు జోలికి రాకండి. నాగశ్రీ జాకెట్టు అవనీండి, తర్వాత సూద్దాం."

నాగశ్రీ అంటే సీతమ్మధారలో పెళ్లికూతురు. పెళ్లికొడుకు పోర్టులో ఉద్యోగి. అందుకని జాకెట్టు చేతుల మీద నెమళ్లూ ఏనుగులూ వద్దు, ఓ చేతికి డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు, రెండో చేతికి రేవులోకి వస్తున్న ఓడ కావాలంది. అలాంటి డిజైను ఎక్కడా దొరకదు. కనకరత్నం బీచిలో కూర్చుని కొండని చూసి గీసుకుంది. ఆ బొమ్మ బాగా కుదిరితే ఆ వీధిలో పెళ్లిళ్లన్నీ తనవేనని ఆమె ఆశ.

ఆమె కొలతలు తీసుకోవడానికి సీతమ్మధార బస్సెక్కింది. ఆమె తిరిగొచ్చేసరికి ట్యాబుని పడుచుదాన్ని చేసి చేతిలో పెట్టాలని గవర్రాజు పథకం. షిఫ్టులో వీరేంద్ర తన ట్యాబుకి ఇదే వైద్యం చేసుకున్నాడు. అతని లాప్‌టాప్ ఎరువు తెచ్చాడు. అందులో ఫైలు సిద్ధంగానే ఉంది. ఇద్దరి ట్యాబులూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. గవర్రాజు దృష్టిలో అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వైరు తగిలించాడు. కొత్త బుర్ర ఎక్కాలంటే ముందు పాతదానికి కంపెనీ వేసిన తాళం తీయాలట. తాళం తీస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని ట్యాబు ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది. మర్యాదగా అడిగిన వాళ్లకి కాదనడం గవర్రాజుకి రాదు. సరే అన్నాడు. ఆ తర్వాతే ఆ వాక్యం అర్థమయ్యేలా చదివాడు. కొండ, లైట్‌హౌసు, ఓడ కళ్ల ముందు మునిగిపోయాయి.

ఇక వెనక్కి దారి లేదు కాబట్టి ముందుకే పోయాడు. కొత్త బుర్ర ఎక్కించాడు. తెర మీద ఓ గుండ్రం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. కాఫీ పెట్టుకుని తాగొచ్చాడు, తిరుగుతూనే ఉంది. తనకి తెలిసిన వైద్యం చేశాడు. ఆపి ఆన్ చేశాడు. మళ్లీ మొదట్నుంచి తిరిగింది. వీరేంద్రకి ఫోన్ చేస్తే, తనకి అలా కాలేదే అని సంతోషంగా చెప్పాడు.

అంతలో గేటు చప్పుడైంది. గవర్రాజుకి కంగారులో కనిపించింది బియ్యం డబ్బా. ట్యాబుని అందులో కూరి, మూతపెట్టి, పేపరు పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం వంటకి బియ్యం కావాలన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

కనకరత్నం డబ్బాలో సోల ముంచింది. టక్‌మంది. బియ్యం పక్కకి తోసి చూస్తే, అడుగున గుండ్రం ఇంకా తిరుగుతోంది. ఆమె ట్యాబుని బయటికి తీసి, కొంగుతో తుడిచి, పేపరు వెనకున్న మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఏటండీ, దీన్ని అత్తెసరు పెట్టాలా, వార్చాలా?"

గవర్రాజు పేపరు దించాడు. పూసగుచ్చినట్టు అంతా ఒప్పుకున్నాడు. ఓడ దగ్గరికి వచ్చేసరికి పేపరు మళ్లీ ఎత్తుకున్నాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఆమె జాకెట్ల బుట్టలోంచి సూదుల డబ్బీ తీసి, అందులోంచి చిన్న మెమరీ కార్డు తీసి చూపించింది.

"ఓడా కొండా ఇందులో ఉన్నాయి. వారం బట్టీ మీరు ఆ బుర్ర మార్చే యీడియోలే సూత్తన్నారు. నాకు తెలీదేటి? మొన్ననే అన్నీ ఇందులోకి ఎక్కించీసి తీసీసినాను."

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గుతో తల మాత్రం కిందే ఉండిపోయింది.

ఆమె అంతటితో వదల్లేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని, వీరేంద్ర ఫైలు ఏ ట్యాబుదో చదవమంది. అతను చదివాడు. సిమ్ము వేసే మోడల్ అని ఉంది.

"కార్డు తీసినప్పుడు సూసినాను. మనదానికి సిమ్ము కన్నమే లేదు కదండీ. కొలత సూడకుండా గుడ్డ కత్తిరించీసినారు మీరు."

ఆ పుణ్యాత్ముల సైటులో ట్యాబుల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. కనకరత్నం ట్యాబు వెనక చీమల్లాంటి అక్షరాలు సూదిలో దారం ఎక్కించే కళ్లతో చదివింది. ఒక్క అక్షరం తేడాతో తమది వీరేంద్ర ట్యాబు పేరు కిందనే ఉంది. దాని ఫైలే దించారు. చేయవలసిన పద్ధతంతా ఆమె మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివి గానీ వైరు ముట్టుకోనివ్వలేదు.

ఈసారి రెండు బటన్లు ఒకేసారి నొక్కిపట్టి, అదే క్షణంలో వైరు తగిలించాలి. ఒక్కరి చేతులు చాలవు. గవర్రాజు నొక్కాడు, ఆమె తగిలించింది. అతను తొందరపడి ముందే వదిలేశాడు. మళ్లీ నొక్కాడు, అప్పుడు ఆమెకి తుమ్మొచ్చింది. ఆ తర్వాత కుదిరింది.

గుండ్రం తిరిగింది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. గుండ్రం ఆగింది. నీకు ఏ భాష కావాలని ట్యాబు అడిగింది. కనకరత్నం తెలుగు మీద వేలు పెట్టింది. కార్డు వేసి కొండని తెరిచి, దాని పక్కన ఓ కెరటం గీసింది. వేలితో పాటే కెరటం లేచింది. ఆమె నవ్వింది. పెళ్లయ్యాక గవర్రాజు ఆ నవ్వు చూసిన సందర్భాలు తక్కువ. ఈ నవ్వులో కాస్త వాటా తనదేనని మనసులో జమ వేసుకున్నాడు.

నాగశ్రీ పెళ్లిలో లైట్‌హౌసు బాగా వెలిగింది. పాతూళ్లో జరీ, పూసల కొట్టు నడిపే షబ్నం ఆ జాకెట్టు చూసి డిజైను ఎలా గీశారని ఆరా తీసింది. ట్యాబు సంగతి విని, తన కొట్లోనూ, చుట్టుపక్కల కుట్టేవాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి ముసలివి చాలా మూలుగుతున్నాయని, ఆదివారం వచ్చి చూడమని బతిమాలింది.

అదివరకే గవర్రాజు షిఫ్టులో తన ఘనకార్యం చెప్పుకున్నాడు. ఈ పిలుపు తనకేనని ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ సంచీ భుజాన తగిలించుకుని, భార్యతో బయల్దేరాడు.

కొట్లో ఆడవాళ్లంతా తలో ట్యాబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కుర్చీ ఒక్కటే వేసి ఉంది. గవర్రాజు చొక్కా సర్దుకుని దాని వైపు నడిచేలోగా షబ్నం కనకరత్నాన్ని అందులో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కనకరత్నం ముందుగా అందరినీ ట్యాబు వెనక అక్షరాలు చదవమంది.

సంచీతో నిలబడ్డ మనిషిని చూసి షబ్నం మొహమాటంగా అడిగింది, "అన్నయ్యా, మీరేటి సేత్తారు?"

అతను నోరు తెరిచేలోగా కనకరత్నం జవాబిచ్చింది.

"మావారికి మంచి సెయ్యమ్మా. నాను సెప్పిన బటను సెప్పినంతసేపూ నొక్కుతారు."

ఆడవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. గవర్రాజు సంచీ కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఎవరిది ముందో చెప్పమన్నాడు.