గ్రాము తేడా రాదు

శనివారం పొద్దున్నే కాఫీ కప్పుతో గరాజ్‌లో నిలబడి, వరసగా పేర్చిన అద్దె స్నోషూలను రాజగోపాల్ ముచ్చటగా చూసుకున్నాడు. కెనడాలోని గ్వెల్ఫ్ ఊరి తెలుగు పిల్లల బృందానికి ఈ చలికాలం షికార్లన్నీ ఆయన చేతిమీదుగానే జరగాలి. మొదటిది ఇవాళే.

"ఎదిగే పిల్లలు కదండీ, ఒక సైజు పెద్దవి తీసుకోవాల్సింది," అంది భార్య ఝాన్సీలక్ష్మి.

"ఇవేమన్నా స్కూలు బూట్లా ఝాన్సీ? బూటు కింద కట్టుకుంటే మనిషి మంచులో కూరుకుపోకుండా ఆపే పలకలివి. కాలు సైజు కాదు, బరువు చూసి తీసుకోవాలి. నేనే స్వయంగా తూచాను. గ్రాము తేడా రాదు."

తూచిన మాట నిజమే. వాట్సాప్ గ్రూపులో బరువులడిగితే, దిష్టి తగులుతుందని ఒక్క తల్లీ చెప్పలేదు. దాంతో ఆయన బాత్రూమ్ స్కేలు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఇండియా వెళ్లేముందు సూట్‌కేసులు తూచినంత శ్రద్ధగా పిల్లల్ని తూచాడు. బ్యాగు బరువూ కలపాలని అద్దె షాపు అమ్మాయి చెబితే, నీళ్ల సీసాకి కాస్త కలిపాడు. "లైట్‌గా స్నాక్స్ పెట్టండి చాలు" అని తల్లులకు మెసేజ్ పెట్టాడు. తనకు మాత్రం స్కేలు అక్కర్లేదనుకున్నాడు. పెళ్లినాటి బరువు ఆయనకు బాగా గుర్తు.

ఆయనకున్న బెంగల్లా మధుమిత గురించే. "డాడ్, దిస్ ఈజ్ ద లాస్ట్ ఛాన్స్. ఇదీ బోరింగ్ అయితే ఐ యామ్ డన్," అని ముందే చెప్పేసింది పద్నాలుగేళ్ల కూతురు. నలుగురు తెలుగు పిల్లలతో తిరిగితే దాని నోట నాలుగు తెలుగు ముక్కలు పలుకుతాయని పాపం ఆయన ఆశ.

ఊరి బయట పార్కులో కొత్త మంచు మెత్తగా, లోతుగా పడి ఉంది. పిల్లలు నాలుగడుగులు వేశారో లేదో ఒక్కొక్కరే దిగబడ్డారు. ముందు తనీష్, ఆ వెనకే దేవిశ్రీ, వాళ్లను లాగబోయి మధుమిత.

"అంకుల్, మై బ్యాగ్ ఈజ్ సో హెవీ!" అని తనీష్ అరిచాడు.

రాజగోపాల్ బ్యాగు విప్పి చూస్తే క్యారియర్ నిండా పులిహోర, దాని కింద జంతికల డబ్బా, ఆ కింద సాంబారు ఫ్లాస్కు. వెంటనే వాడి తల్లికి ఫోన్ చేశాడు.

"దమయంతి గారూ, లైట్‌గా పెట్టమన్నాను కదండీ!"

"లైటేనండీ, నూనె బాగా తగ్గించాను. మావాడొక్కడే తింటే బావుంటుందా? అందరికీ సరిపడా పెట్టాను."

విప్పి చూస్తే ప్రతి బ్యాగులోనూ అందరికీ సరిపడా ఉంది. మధుమిత బ్యాగులో ఇడ్లీలు స్టాండుతో సహా ఉన్నాయి.

"నో ప్రాబ్లమ్! బ్యాగులన్నీ నాకిచ్చేయండి," అన్నాడాయన. ముందూ వెనకా, రెండు భుజాలకూ తగిలించుకున్నాడు. బరువు దిగిన పిల్లలు మంచు మీద హాయిగా పరుగెత్తారు. తన లెక్క ఎక్కడా తప్పలేదని ఆయన పొంగిపోయాడు. ఆ పొంగులోనే ఒక అడుగు ముందుకేసి నడుం దాకా దిగిపోయాడు.

కాలు కదలదు. పిల్లలు కనిపించరు. ఇక కూతురు ఈ బృందం మొహం చూడదని ఆయన ఖాయం చేసుకున్నాడు.

కాసేపటికి పిల్లలు వెనక్కి వచ్చారు. తండ్రిని చూసి మధుమిత పగలబడి నవ్వింది. "గైస్, ఫుడ్ అంతా తినేద్దాం! బ్యాగ్స్ ఖాళీ అయితే డాడ్ పైకొస్తాడు."

బ్యాగులు దించేస్తే సరిపోతుందని ఎవరికీ తోచలేదు. తోచినవాళ్లు కూడా, పులిహోర మూత తీశాక నోరు మెదపలేదు. ఆయన చుట్టూ మంచు మీదే చతికిలబడ్డారు.

"నాన్నా, నీ వెనక బ్యాగులో పులిహోర ఇంకా ఉందా?"

నాన్నా అన్న పిలుపు విని ఎన్నేళ్లయిందో. రాజగోపాల్ కళ్లు చెమర్చాయి.

"బోలెడుంది తల్లీ," అన్నాడు నడుం దాకా మంచులోనే ఉండి.

"నెక్స్ట్ మంత్ మళ్లీ వద్దాం. ఫుడ్ కూడా ఇదే తెద్దాం," అంది మధుమిత.

మర్నాడు స్నోషూలు తిరిగిచ్చేస్తూ, వచ్చే నెలకు తనవాటితో సహా అన్నీ ఒక సైజు పెద్దవి కావాలన్నాడు. ఎందుకని షాపు అమ్మాయి అడిగితే, ఎదిగే పిల్లలు కదా అన్నాడు.